పిల్లి పడనివాళ్ల ఇంట్లో పిల్లి: ముసురు పట్టకముందే జాగ్రత్తలు

పోయిన వారం మాకు తెలిసిన ఇంటర్ పిల్లని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించాల్సొచ్చింది. ఆ అమ్మాయికి పిల్లి పడదని ఇంట్లో అందరికీ తెలుసు. రోజూ రాత్రి ఒక సెట్రిజిన్ (అలర్జీ మాత్ర) మింగి, పిల్లిని పక్కలో వేసుకుని పడుకునేది. తెల్లవారుజామున దగ్గుతుంటే చల్లగాలి పడలేదనుకున్నారు. ముసురు పట్టి కిటికీలన్నీ మూసేసరికి ఆయాసం ముదిరిపోయింది.

పిల్లుల్ని దత్తతకిచ్చే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి ఇళ్లు చాలానే చూశాను. చేతులు కడుక్కోండి, ఇల్లు శుభ్రంగా ఉంచుకోండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

అసలు పొరపాటు

ఆయాసాన్ని జలుబనుకుని సెట్రిజిన్‌తో నెట్టుకురావడం. ఆ మాత్ర తుమ్ములు ఆపుతుంది, ముక్కు కారడం, కళ్ల దురద తగ్గిస్తుంది. ఊపిరితిత్తుల్లో గొట్టాలు వాచి బిగుసుకుంటే మాత్రం అది పనిచేయదు. ముక్కు తేలికపడగానే "అలవాటైపోయిందిలే" అనిపిస్తుంది, పిల్లి మళ్లీ మంచమెక్కుతుంది, లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది. పడుకున్నాక దగ్గు, తెల్లవారుజామున ఊపిరి తీస్తుంటే ఛాతీలో పిల్లికూతలు, మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం: ఏ ఒక్కటి ఉన్నా పల్మనాలజిస్టుకి (ఊపిరితిత్తుల డాక్టరుకి) చూపించి స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊది చేసే ఊపిరి పరీక్ష, చేయించుకోండి. సెట్రిజిన్ ముక్కుకి. ఆయాసానికి కాదు.

పడకగది

పడనిది వెంట్రుక కాదు, ఫెల్ డి 1 అనే ప్రోటీన్. పిల్లి లాలాజలంలోనూ చర్మంలోనూ తయారవుతుంది. ఒళ్లు నాక్కున్నప్పుడు బొచ్చుకంతా పట్టి, ఆరి, పొడిలా రాలుతుంది. ఎంత సన్నమంటే గంటల తరబడి గాల్లోనే తేలుతుంది. కాబట్టి బొచ్చు గొరిగించడం దండగ. అలర్జీ రాని జాతి అని చెప్పి వేలకు వేలు గుంజేవాళ్లున్నారు, అలాంటి జాతి లేదు. ఇంకో సంగతి: పిల్లిని పూర్తిగా పంపించేసినా ఈ పొడి ఇంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది. "వారం రోజులు మా అత్తయ్యగారింట్లో ఉంచాం, అయినా తగ్గలేదు, అంటే పిల్లి వల్ల కాదు" అన్న లెక్క చెల్లదు.

పగలంతా పరుపు మీద పడుకోనిచ్చి రాత్రికి బయటికి తోలితే లాభం లేదు. లైటు ఆపి, పరుపు మీద అరచేత్తో ఒక్కటి కొట్టి పక్కనుంచి టార్చి వేయండి. ఆ లేచేదంతా రాత్రంతా మీరు పీల్చేదే. తలుపు పగలూ రాత్రీ మూసే ఉండాలి. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి, పరుపుకి జిప్పు కవరు వేయాలి. హెపా ఫిల్టరున్న (సన్నటి పొడిని పట్టే జల్లెడ ఉన్న) ఎయిర్ ప్యూరిఫయర్ ఒక్కటే కొనగలిగితే అది హాల్లోకి కాదు, ఈ గదిలోకి.

ఇక మిగతావి.

పొడి చీపురుతో ఊడవకండి, తడిగుడ్డ పెట్టండి. తివాచీ తీసేయండి. లిట్టర్ (పిల్లి మలమూత్రాలు పోసే మట్టి) ఎత్తేది అలర్జీ లేని మనిషే. మగపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, చేయించనివాటిలో ఆ ప్రోటీన్ ఎక్కువ. వారం వారం స్నానాలు వద్దు, ఆ ఫలితం ఒకట్రెండు రోజులే. అగరొత్తులు, సాంబ్రాణి, దోమల చుట్టలు బంద్. వాసన పోవాలని కలరా ఉండలు పెట్టకండి, పిల్లికి విషం.

దీపావళి టపాసులకి బెదిరి పిల్లి దూరేది మీ మంచం కిందకే. ముందే వేరే గది చూడండి.

చర్మం మీద చేసే అలర్జీ పరీక్షకి వెళ్తుంటే సెట్రిజిన్ ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్ని అడగండి, ఆపకపోతే అలర్జీ ఉన్నా లేదని రావచ్చు. మాంటెలుకాస్ట్ (అలర్జీకి, ఆయాసానికి ఇచ్చే ఇంకో మందు) కలిసిన మాత్రలు మందుల షాపువాడి మాట మీద నెలల తరబడి మింగొద్దు. పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టించింది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ ఒక్కదాని మీదే బతకొద్దు. వాపు తగ్గించే ఇన్‌హేలర్ వేరు, రాసిస్తే రోజూ వాడాలి, బాగున్నా ఆపొద్దు, పీల్చాక నోరు పుక్కిలించాలి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందనే చుట్టాల మాట వినకండి. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని వచ్చి పడుకోకండి. మళ్లీ చెప్తున్నా, సెట్రిజిన్ ఆయాసానికి కాదు.

మాట పూర్తయ్యేలోపే ఊపిరాడకపోతే, పక్కటెముకల మధ్య గుంజుకుపోతుంటే, పెదాలు నీలిపడితే 108కి ఫోన్ చేయండి. మనిషిని కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంతో) సాల్బుటమాల్ ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు, ఒక్కోదానికి నాలుగు ఊపిరులు. మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. ఇంకొకరు ఎవరైనా ఉంటే పిల్లిని బాత్రూంలో పెట్టి గడియ వేయమనండి, అంబులెన్స్ వాళ్లకి తీసిన తలుపులోంచి అది మెట్ల మీదకి ఉరికితే మీ వాళ్లలో ఒకరు దాని వెనకే పోతారు.