ఇన్కా బాటలో రాత్రి చలికి వేడినీళ్ల సీసా

పెరూలోని పురాతన కొండ నగరం మాచు పిచ్చుకు ఇన్కా బాటలో నాలుగు రోజులు నడిచేవారిని కాళ్ల నొప్పుల కన్నా రెండో రాత్రి చలి ఎక్కువ విసిగిస్తుంది. 4,215 మీటర్ల ఎత్తున్న కనుమ దాటి పకాయ్‌మాయో విడిదికి దిగినా, అక్కడా ఎత్తు దాదాపు 3,600 మీటర్లు. జూన్, జులైలలో వాన బెడద తక్కువే కానీ, రాత్రి స్లీపింగ్ బ్యాగులో దూరినా పాదాలు ఓ పట్టాన వేడెక్కవు.

మరునాడు తాగడానికి బృందం వెంట వచ్చే వంటవాళ్లు ఎలాగూ నీళ్లు మరిగిస్తారు. మీ వంతు నీళ్లు పొద్దున కాకుండా రాత్రి భోజనం కాగానే అడిగి తీసుకోండి. లీటరు పట్టే ఒంటి పొర స్టీలు సీసాలో రెండు వేళ్ల వెలితి ఉంచి పోసి, మూత గట్టిగా బిగించండి. తలకిందులు చేసి చూడండి. చుక్క కూడా కారకూడదు. సీసాకు మందపాటి ఉన్ని మేజోడు తొడిగి, పడుకోవడానికి పది నిమిషాల ముందు బ్యాగులో పాదాల వైపు పెట్టండి. చలికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి దాన్నీ బ్యాగులోనే, సీసాకు తగలకుండా, ఛాతీ దగ్గర పెట్టుకోండి. తెల్లారేసరికి తాగే నీళ్లు చల్లారి సిద్ధంగా ఉంటాయి. నడకకు ముందు బస చేసే కుస్కో నగరంలో అదనపు దుప్పటి అద్దెకు తీసుకునే ఖర్చు నాకు దీనితోనే తప్పింది.

ఫ్లాస్కు మాత్రం దీనికి పనికిరాదు, దాని వేడి బయటికి రాదు. దుకాణాల్లో నీళ్లు అమ్మే పలుచని ప్లాస్టిక్ సీసా అయితే మరిగే నీటికి వంకరపోయి కారుతుంది. బ్యాగు తడిస్తే ఆ రాత్రికి నిద్ర లేనట్టే.