స్కౌట్ పట్రోల్‌కు అర్థవంతమైన గుర్తును ఎంచుకోవడం ఎలా?

ఒడిశాలోని బరంపురంలో గాని, పర్లాకిమిడిలో గాని కొత్తగా స్కౌట్ ట్రూప్ మొదలుపెట్టిన ఉపాధ్యాయులకు తొలి రోజుల్లోనే ఎదురయ్యే ప్రశ్న, ట్రూప్‌లోని ఏ పట్రోల్‌కు, అంటే పిల్లల ఏ చిన్న జట్టుకు, ఏ గుర్తు ఇవ్వాలన్నది. చాలాచోట్ల సింహం, పులి, డేగ అంటూ పెద్దలే పేర్లు పంచేసి ఆ పని ముగిస్తారు. పిల్లలు ఎన్నడూ చూడని జంతువు జెండా మీద బొమ్మగా మిగులుతుందే తప్ప వారికి ఏ బాధ్యతనూ అప్పగించదు. తమ ఊరి పరిసరాల్లో కళ్ళారా చూడగలిగిన ప్రాణిని, దాని మంచిచెడ్డలను కొంతైనా పట్టించుకోగలిగిన ప్రాణిని ఎంచుకోవడమే సరైన పద్ధతి అని నా గట్టి నమ్మకం.

స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పొవెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో నడిపిన తొలి శిబిరంలోని నాలుగు పట్రోళ్ళకు తోడేలు, ఎద్దు, బొంతకాకి, కర్ల్యూ అనే నీటిపక్షి గుర్తులయ్యాయి. తమ ప్రాణి కూతను అనుకరించి ఒకరినొకరు పిలుచుకోవడం పట్రోల్ సంప్రదాయంలో ఒక భాగం కనుక, ఆ కూత పిల్లల గొంతుకు లొంగుతుందో లేదో కూడా ముందుగానే చూసుకోవాలి.

గంజాం తీరంలోని తెలుగు మత్స్యకారుల పిల్లలున్న పట్రోల్‌కైతే ఆలివ్ రిడ్లే తాబేలును మించిన గుర్తు నాకు తోచదు. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఇవి వేల సంఖ్యలో ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. కొన్ని సంవత్సరాల్లో అసలు రాకపోవడమూ ఉంది. సుమారు 45 నుంచి 55 రోజులకు బయటపడే పిల్లలు వెలుతురు ఉన్న దిక్కుకే పాకుతాయి కాబట్టి, వీధిదీపాల వెలుగు వాటిని సముద్రం వైపు కాక ఊరి వైపు లాగుతుంది. ఆ రోజుల్లో తీరం వెంబడి ఇళ్ళవారిని దీపాలు ఆర్పమని కోరడం, అటవీ శాఖ అనుమతితో ఇసుకలోని ప్లాస్టిక్ ఏరివేయడం పట్రోల్ చేయగలిగిన సేవ. తాబేలు అంటే నెమ్మది కదా అని పిల్లలు నొచ్చుకుంటే, సముద్రంలో అది ఎంత దూరం ఈదుతుందో వారికి చెప్పాలి. దానికి కూత లేదు గనుక వలలు లాగేటప్పుడు పెద్దలు వేసే కేకనే పట్రోల్ పిలుపుగా పెట్టుకోవచ్చు.

తీరానికి దూరంగా ఉన్నవారికి కృష్ణజింక తగినది. అది పొలాల్లో మేసినా గంజాం జిల్లాలోని భేట్నోయి పరిసర గ్రామాల ప్రజలు దానిని తరమరు. ఒడిశా రాష్ట్ర పక్షి అయిన పాలపిట్టను తెలుగువారు దసరానాడు చూడాలని కోరుకుంటారు కాబట్టి, ఒడియా, తెలుగు పిల్లలు కలిసిన పట్రోల్‌కు అది బాగా కుదురుతుంది.

ఎంపికను ఒక్క సమావేశంలో తేల్చకూడదు. మొదట పిల్లలను ఊరి చుట్టూ నడిపించి, చూసిన ప్రాణులను నోటుపుస్తకంలో రాయించాలి. తరువాతి వారం ప్రతి ఒక్కరూ ఒక ప్రాణిని, దానికి ఒక కారణాన్ని చెప్పాలి. చిన్నవారు ముందు మాట్లాడాలి, లేకపోతే పట్రోల్ లీడర్ మాటనే అందరూ వల్లిస్తారు. చేతులెత్తించి లెక్కపెట్టడం కంటే, ఓడిన గుర్తును కోరినవారు కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకొనేదాకా మాట్లాడించడం మేలు.

కొన్నిటిని మాత్రం మొదటే పక్కన పెట్టాలి. నాలుగు సింహాల జాతీయ చిహ్నాన్ని ఇలా వాడడం 2005 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ చిహ్నంలో అశోక చక్రం ఇప్పటికే ఉంది కాబట్టి పట్రోల్ బొమ్మలో దానిని మళ్ళీ గీయనవసరం లేదు; ఆ అశోకుని శాసనాలు మన గంజాంలోని జౌగడలోనే ఉన్నాయని పిల్లలకు చూపించడం అంతకంటే విలువైనది. శంఖం, కమలం, సైకిలు, ఫ్యాను వంటివి ఎన్నికల గుర్తులు కనుక తల్లిదండ్రుల మధ్య అనవసరమైన వాదానికి దారితీస్తాయి. గజపతి, రాయగడ జిల్లాల సవర గిరిజనుల గోడబొమ్మలు ఎంత అందంగా ఉన్నా, అవి దేవతలకూ పితరులకూ అర్పించినవి; సవర పిల్లలు, వారి పెద్దలు తామై ముందుకు వస్తే తప్ప వాటిని అలంకారంగా తీసుకోకూడదు.

చివరగా బొమ్మ సంగతి. పట్రోల్‌లోని అతి చిన్న సభ్యుడు కూడా నమూనా చూడకుండా, ఒకే రంగుతో గీయగలిగినంత సులువుగా అది ఉండాలి. మైదానం అవతలి నుంచి చూసినా పోల్చుకోగలగాలి. సభ్యుల్లో కొందరు తెలుగు, కొందరు ఒడియా లిపి చదువుతారు కాబట్టి బొమ్మలో అక్షరాలు వద్దు. జెండా కుట్టించడానికి ముందు కాగితం బొమ్మతో కొన్ని వారాలు గడిపితే, మార్పులేవైనా ఉంటే గుడ్డ పాడుకాకుండానే చేసుకోవచ్చు. ఖరారైన నాడు ఆ ప్రాణి పేరును, ఎంచుకున్న కారణాన్ని, దానికోసం పట్రోల్ చేయబోయే పనిని పట్రోల్ విశేషాలు రాసుకునే లాగ్ పుస్తకం తొలి పేజీలో పిల్లల చేతనే రాయించాలి. ఏటా కొత్తగా చేరేవారు మొదట చదివే పేజీ అదే కావాలి.