ఆహార గొట్టం తీశాక పొట్టమీది రంధ్రం మూసుకోకపోతే ఏం చేయాలి?

నోటితో తినగలుగుతున్నారు కదా అని డాక్టరు పెగ్ ట్యూబు, అంటే పొట్టమీది రంధ్రం గుండా నేరుగా జీర్ణాశయంలోకి ఆహారం పంపే గొట్టం, తీసేశారు. ఇంటికి వచ్చి మజ్జిగ తాగితే అది చొక్కా మీదికి కారింది! మొదటిసారి చూసినవారు హడలిపోతారు. నిజానికి మొదటి రెండు మూడు రోజులు కాస్త కారడం మామూలే. చాలామందికి ఈలోపే లోపల దారి మూసుకుంటుంది, పైచర్మం ఒకటి రెండు వారాల్లో మానుతుంది. నెల దాటినా కారుతుంటే మాత్రం అది ఫిస్టులా, అంటే మూసుకోకుండా నిలిచిపోయిన దారి. గొట్టం ఎక్కువ నెలలు ఉన్నవారికి, ముఖ్యంగా పిల్లలకు, ఈ ఇబ్బంది ఎక్కువ. చెవి కుట్టిన రంధ్రం పూడకుండా నిలిచిపోయినట్టే, ఇక్కడా ఆ దారి లోపల ఒక పొర పరుచుకుంటుంది.

1. తీసిన రోజున

డాక్టరు చెప్పిన కొన్ని గంటలపాటు ఏమీ తినకూడదు, తాగకూడదు. తర్వాత గుక్కెడు గుక్కెడుగా మొదలుపెట్టండి. కొన్నాళ్లు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి. సోడా, కూల్‌డ్రింకులు వద్దు, గ్యాసు పొట్టను ఉబ్బిస్తుంది. దగ్గు వచ్చినప్పుడు కట్టు మీద అరచేత్తో మెల్లగా అదిమి పట్టుకోండి.

2. చర్మాన్ని కాపాడటం

అసలు బాధ రంధ్రంతో కాదు, అందులోంచి వచ్చే ఆమ్లంతో. అది చర్మాన్ని కాల్చేస్తుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. చుట్టూ జింకు ఆక్సైడు క్రీము పలుచగా రాయండి, పసిపిల్లల ఒరుపులకు వాడేదే. పైన గాజ్ గుడ్డ వేసి, తడిసిన వెంటనే మార్చండి. గుడ్డలు నిలవనంతగా కారుతుంటే కారేదాన్ని పట్టుకునేలా చర్మానికి అంటించే స్టోమా సంచి అతికించమని అడగండి. చర్మానికీ నిద్రకీ రెండింటికీ ఊరట.

మన ఇళ్లలో పుండు కనబడితే పసుపు అద్దే అలవాటు ఉంది. ఇక్కడ అది వద్దు, కొబ్బరినూనె కూడా వద్దు. రంధ్రంలో దూది కూరడం ఇంకా పొరపాటు: కూరిన కొద్దీ దారి తెరుచుకునే ఉంటుంది.

3. ఆమ్లం తగ్గించే మందు

ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటివి డాక్టరు రాస్తే సాధారణంగా తిండికి అరగంట ముందు వేసుకోవాలి. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి సొంతంగా కొనవద్దు. అదుపులో లేని షుగరు, పొగతాగడం, సరిపడా మాంసకృత్తులు లేని తిండి పుండును మాననివ్వవు. గుడ్డు, పప్పు, పాలు పడేవారు తీసుకోవాలి.

4. ఎర్రకండ, దద్దుర్లు

రంధ్రం అంచున తడిగా, ముట్టుకుంటే రక్తం వచ్చే ఎర్రని కండ పెరిగితే క్లినిక్‌లో సిల్వర్ నైట్రేటు పుల్ల అంటించి తగ్గిస్తారు. దురదతో చిన్న ఎర్రచుక్కలు వస్తే అది ఫంగస్ కావచ్చు, దానికి వేరే క్రీము ఉంటుంది.

5. నెల దాటితే

గ్యాస్ట్రోఎంటరాలజిస్టును (జీర్ణకోశ నిపుణుణ్ణి) కలవండి. 1980లో అమెరికాలో గాడరర్, పాన్‌స్కీ అనే వైద్యులు ప్రకటించిన పెగ్ పద్ధతిలో, పొట్టను పెద్దగా కోయకుండా ఎండోస్కోపీ (నోటి గుండా పంపే కెమెరా గొట్టం) సాయంతో గొట్టం పెడతారు. దాని రంధ్రాన్నీ అలాగే మూయడానికి ప్రయత్నించవచ్చు. దారిలోని పొరను ఆర్గాన్ ప్లాస్మాతో (ఆర్గాన్ వాయువు, విద్యుత్తుతో పుట్టించే వేడి) మాడ్చి, లోపలివైపు నుంచి క్లిప్పుతో బిగిస్తారు. ఒక్కోసారి రక్తం గడ్డకట్టించే ప్రొటీనుతో చేసిన ఫైబ్రిన్ జిగురు కూడా వాడతారు. అందరికీ ఒక్కసారితో పని జరగదు. మళ్లీ చేయాల్సి రావచ్చు, చివరికి ఆపరేషన్ కూడా తప్పకపోవచ్చు. వెళ్లేటప్పుడు గొట్టం ఎన్ని నెలలు ఉంది, రోజుకు ఎన్ని గుడ్డలు తడుస్తున్నాయి అన్నవి రాసుకెళ్లండి.

6. ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినప్పుడు

జ్వరం, చీము, పాకుతున్న ఎరుపు, గట్టిపడిన పొట్ట, తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, రక్తం, మూత్రం తగ్గిపోవడం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు. గొట్టం ఇంకా అవసరమైనవారికి అది దానంతట అదే ఊడి వస్తే అదీ అత్యవసరమే, ఎందుకంటే రంధ్రం గంటల్లోనే పూడిపోవచ్చు. పెట్టిన కొత్తలో ఊడితే మాత్రం ఇంట్లో తిరిగి దూర్చే ప్రయత్నం చేయవద్దు. అది జీర్ణాశయంలోకి కాకుండా పొట్ట కుహరంలోకి పోయే ప్రమాదం ఉంది.