బ్రిస్కెట్ ఉడకదు, పోర్క్ మాడుతుంది: రెండూ ఒకే స్మోకర్‌లో పెట్టినప్పుడు

స్మోకర్‌లో (కట్టెల పొగతో గంటల తరబడి మాంసం వండే పొయ్యి) విడివిడిగా చేసినప్పుడు రెండూ బాగానే వస్తాయి. లాంగ్ వీకెండ్‌కి నలుగుర్నీ పిలిచి, 13 పౌండ్ల బ్రిస్కెట్ (బీఫ్ రొమ్ము ముక్క), 8 పౌండ్ల పోర్క్ బట్ (పంది భుజం ముక్క) ఒకేసారి ఎక్కించిన రోజే తేడా కొడుతుంది. ఇక ఫోన్లు మొదలు: రబ్ (మాంసానికి పట్టించే మసాలా పొడి) మార్చాలా, కట్టె మార్చాలా, మాంసమే మంచిది కాదా అని. థర్మామీటర్ చూశారా అంటే ‘కొత్తదేనండీ’ అంటారు. కొత్తదైతే ఏం?

కొవ్వు ట్రిమ్ చేయడం, నిప్పు నిలకడగా ఉంచడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే.

అన్నిటికన్నా ముందు ప్రోబ్‌ని (థర్మామీటర్ పుల్లని) మరుగుతున్న నీళ్ళలో పెట్టండి. 212 చూపించాలి. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్ళో నీళ్ళు 202 దగ్గరే మరుగుతాయి కాబట్టి అక్కడివాళ్ళు నిండా ఐస్ వేసిన నీళ్ళలో చూడండి, 32 రావాలి. రెండు మూడు డిగ్రీల తేడా అయితే గుర్తుపెట్టుకుని సర్దుకోవచ్చు. 15 తేడా ఉన్నదాన్ని పారేయండి. ఇంత చిన్న పని ఎవరూ ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మాంసం లోపలి వేడి 150-170 మధ్య గంటల తరబడి కదలట్లేదు

ఇది సమస్యే కాదు. పైనున్న తడి ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంది, అందుకే ముల్లు అక్కడ ఆగుతుంది. పైపొర ముదురు రంగుకొచ్చి గీరినా ఊడకుండా ఉంటే చుట్టేయండి. బ్రిస్కెట్‌కి బుచర్ పేపర్ (మాంసం చుట్టే మందపాటి కాగితం), పోర్క్‌కి ఫాయిల్ అయినా పర్లేదు. రెండూ ఒకేసారి ఆగవు, ఒకేసారి కదలవు. ఒకదాన్ని చూసి రెండోదానికి టెన్షన్ పడకండి.

మీటర్ రోజంతా 250. అయినా నిప్పు వైపు ముక్క మాడింది, రెండోది వెనకబడింది

జనం ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

బ్రిస్కెట్ ఒక్కటే ఉంటే గ్రేట్ (మాంసం పెట్టే కమ్మీల జాలీ) మీద బోలెడు ఖాళీ. ప్రోబ్ ఎక్కడ తగిలించినా దాని చుట్టూ వేడి గాలి తిరుగుతుంది. పోర్క్ కూడా వచ్చేసరికి చోటు చాలక ప్రోబ్‌ని రెంటి మధ్య సందులో దూర్చేస్తారు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన మాంసం 40 దగ్గర ఉంటుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లగా, తేమగా ఉంటుంది. కాస్త అవతల 250 ఉన్నా ఆ సందులో ప్రోబ్ 215 అంటుంది. మీరేం చేస్తారు? వేడి చాలట్లేదని ఇన్‌టేక్ (గాలి లోపలికెళ్ళే కంత) తెరిచి ఇంకో కట్టె వేస్తారు. కాసేపటికి ప్రోబ్ 250 చూపిస్తుంది, మీరు కుర్చీలో వెనక్కి వాలతారు. ఫైర్‌బాక్స్ (నిప్పుండే పెట్టె) పక్కన అప్పటికి 300 దాటి ఉంటుంది.

పైగా దీనికి సాక్ష్యం కూడా మిగలదు. మాంసం వేడెక్కేకొద్దీ ఆ చల్లటి పొర పోయి ప్రోబ్ నిజమే చెప్పడం మొదలుపెడుతుంది. సాయంత్రం మాడిన ముక్క చూసి మీటర్ చెక్ చేస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది. అప్పుడు రబ్‌లో చక్కెర మీద పడతారు. చక్కెర ఎక్కువైతే మాడే మాట నిజమే గానీ, దానివల్లే అయితే రెండో ముక్క కూడా నల్లబడాలి కదా.

పెల్లెట్ స్మోకర్ (కట్టెపొడి గుళికల్ని తనే నిప్పులోకి తోసుకునే రకం) ఉన్నవాళ్ళు మాకీ గొడవ లేదనుకోకండి. దాని ప్రోబ్ గోడకే ఉంటుంది. ముక్క తీసుకెళ్ళి దాన్ని ఆనించి పెడితే కంట్రోలర్ కూడా ఇలాగే మోసపోయి పెల్లెట్లు ఎక్కువ తోస్తుంది. మూత మీద డయల్ ఉన్నవాళ్ళకి ఇంకో తంటా: పోర్క్ బట్ ఎత్తుగా ఉంటుంది. మూత వేశాక డయల్ లోపలి పుల్ల దాని నెత్తికి తగిలితే అది చెప్పేది పోర్క్ వేడి, స్మోకర్ వేడి కాదు. తగలకపోయినా, మాంసం ఉండేది కింద గ్రేట్ మీద, డయల్ ఉండేది పైన.

కాబట్టి ప్రోబ్‌ని గ్రేట్ ఎత్తులోనే, మాంసానికి రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టండి. వీలైతే రెండు ప్రోబ్‌లు, చెరో కొసన. పోర్క్‌ని నిప్పు వైపు ఉంచండి. కొవ్వు ఎక్కువ కాబట్టి అది తట్టుకుంటుంది. బ్రిస్కెట్‌ని దూరంగా, దాని లావాటి కొస నిప్పు వైపుకి తిప్పి పెట్టండి. రెంటి మధ్య రెండు అంగుళాలైనా గాలి ఆడాలి. మాంసం పెట్టగానే వేడి పడిపోవడం సహజం. నిప్పు బాగానే ఉంటే ముప్పావుగంట వెంట్ల (గాలి కంతల) జోలికి పోకండి, దానంతటదే లేస్తుంది. ఇంకో మాట, రెండు ముక్కలు పెట్టినంత మాత్రాన టైమ్ రెట్టింపు కాదు. గాలి ఆడితే దేని మందాన్నిబట్టి అది ఉడుకుతుంది.

రెండూ చేదుగా ఉన్నాయి

చిమ్నీ మూసి వేడి తగ్గించి ఉంటారు. చిమ్నీ ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండాలి, తిప్పాల్సింది ఇన్‌టేక్‌ని. దట్టమైన తెల్లపొగ వస్తోందంటే కట్టె సరిగా మండట్లేదు. కట్టెలు నానబెట్టకండి, ఫైర్‌బాక్స్ మీద పెట్టి వేడెక్కాక వేయండి. టెక్సాస్‌లో ఉంటే పోస్ట్ ఓక్ కట్టె రెండిటికీ సరిపోతుంది. ఇన్ని గంటల వంటకి మెస్కీట్ కట్టె ఘాటెక్కుతుంది.

పోర్క్ మధ్యాహ్నమే అయింది, బ్రిస్కెట్ ఇంకా లేదు

అయినదాన్ని తీసి, చుట్టినది చుట్టినట్టే తువ్వాళ్ళలో పెట్టి ఐస్ లేని కూలర్‌లో మూసేయండి. మాంసం లోపలి వేడి 140 కన్నా తగ్గకుండా ఉంటే కొన్ని గంటలు ఆగినా ఏం కాదు. సాయంత్రం 6కి భోజనాలైతే 2కల్లా అవ్వాలని లెక్కేసుకోండి. ఏది అయిందో గడియారం చెప్పదు. 203 దగ్గర ప్రోబ్ గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగాలి, పోర్క్‌లో ఎముక కదిపితే ఊడి రావాలి.

అతిథుల్లో బీఫ్ తిననివాళ్ళుంటే, మన ఇళ్ళలో ఎవరో ఒకరు ఉంటారు, పోర్క్‌ని పై రాక్‌లో పెట్టండి. బ్రిస్కెట్ కొవ్వు దాని మీద కారకూడదు. కత్తి, పలక కూడా వేరుగా పెట్టండి, ఒకే స్మోకర్‌లో చేశామని ముందే చెప్పేయండి.

కోసి చూస్తే అంచున గులాబీ రంగు

ఉడకలేదని పెద్దవాళ్ళు ప్లేటు వెనక్కి పంపిస్తారు. పచ్చి కాదు, పొగ వల్ల వచ్చిన రంగు. తినమనండి.

మూత సందుల్లోంచి కాస్త పొగ కారితే కొంపేం మునగదు. గడ్డకట్టిన మాంసం మధ్యలో ఇంకా కరగకపోవడం, పెల్లెట్లు తడిసి ఆగర్ (వాటిని నిప్పులోకి తోసే మర) ఇరుక్కోవడం అరుదు. మొదటిది ప్రోబ్ గుచ్చగానే తెలిసిపోతుంది, రెండోదానికి నిప్పే ఆరిపోతుంది.