ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి తగ్గించండి

ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది కదా అని ఇసుక దిబ్బల మీదికి నేరుగా ఎక్కించేయకండి. ముందు టైర్లలో గాలి తగ్గించండి. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) ఉంటే, మెత్తటి ఇసుకకి 15–18 చాలు. గాలి తగ్గితే టైరు నేలకి ఆనే భాగం పొడవుగా సాగి, బరువు పరుచుకుంటుంది. అంతకంటే బాగా తగ్గిస్తే మాత్రం గట్టిగా మలుపు తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది.

అయినా దిగబడిందా? యాక్సిలరేటర్ వెంటనే వదిలేయండి. చక్రం తిరిగిన కొద్దీ గొయ్యి లోతవుతుంది, చివరికి బండి పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది. మొదటిసారి నేను టెన్షన్‌లో తొక్కేశాను, పది నిమిషాల పనికి గంట పట్టింది. కిందికి దిగి, నాలుగు టైర్ల చుట్టూ ఇసుక తోడేసి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, వచ్చిన జాడలోనే మెల్లగా రివర్స్ చేయండి. అక్కడి ఇసుక అప్పటికే అణిగి ఉంటుంది కాబట్టి పట్టు దొరుకుతుంది.

దిబ్బ ఎక్కినా దిగినా తిన్నగానే. వాలు మీద అడ్డంగా పోతే బోల్తా పడొచ్చు.

తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపాలి, లేకపోతే టైర్లు వేడెక్కి పాడవుతాయి. చిన్న కంప్రెసర్ తప్పకుండా వెంట ఉంచుకోండి.