కనిపించకుండానే పనిచేసే బటన్లు: నా అనుభవం
ఒక మొబైల్ యాప్‌లో, భవనం ప్లాన్ చిత్రంలో ఒక్కో గదిని తాకగానే దాని వివరాలు తెరుచుకునేలా, చిత్రంపై కంటికి కనబడని బటన్లను అమర్చవలసి వచ్చింది. ఆండ్రాయిడ్‌లో విజిబిలిటీని (కనబడాలా వద్దా అని నిర్ణయించే అమరికను) ఇన్‌విజిబుల్‌గా మారిస్తే బటన్ తన చోటును నిలుపుకుంటుంది గాని స్పర్శను స్వీకరించదు. అందుచేత దానిని విజిబుల్‌గానే ఉంచి, అక్షరాలను తొలగించి, బ్యాక్‌గ్రౌండ్‌కు పారదర్శక రంగును ఇచ్చాను. ఆల్ఫాను, అంటే బటన్ ఎంత స్పష్టంగా కనబడాలో చెప్పే విలువను, సున్నా చేసినా ఆండ్రాయిడ్‌లో క్లిక్ పనిచేస్తుంది. అయితే ఐఓఎస్‌లో తెరను నిర్మించే యూఐకిట్ అనే సాధనం, ఆల్ఫా 0.01 కంటే తక్కువ ఉన్న వ్యూను (బటన్ వంటి తెర భాగాన్ని) స్పర్శకు లెక్కలోకే తీసుకోదు కనుక, రెండు చోట్లా నడిచే పారదర్శక రంగు పద్ధతే మేలని నా అభిప్రాయం. హద్దులు సరిచూసుకునేందుకు లేత ఎరుపు రంగు వేసి, చివరలో తీసివేశాను. ఆండ్రాయిడ్‌లో ప్రతి బటన్‌కూ కంటెంట్ డిస్క్రిప్షన్ (అదేమిటో చెప్పే చిన్న వివరణ) తప్పక రాయాలి. చూపు లేనివారికి టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది దానినే.