విశాఖ తీరంలో కారు బ్యాటరీని ఎలా ఎంచుకోవాలి, ఎలా కాపాడుకోవాలి?

సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ తిరగకుండా టిక్కు టిక్కుమన్న శబ్దం మాత్రమే వస్తే, బ్యాటరీ పోయిందని మనం వెంటనే తేల్చేస్తాం. పెదవాల్తేరులోని మా ఇంట్లో ఒకసారి ఇదే జరిగింది. తెల్లవారుజామున అమ్మానాన్నలను రైల్వే స్టేషనుకు ఆటోలో పంపించి, షాపు తెరవగానే కొత్త బ్యాటరీ తెద్దామని బయలుదేరబోతుంటే, మా వీధి మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "బ్యాటరీ బాగానే ఉంది సార్, టెర్మినల్‌కి తుప్పు పట్టేసింది" అన్నాడు. పాజిటివ్ టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి గడ్డకట్టి, అంచుల్లో నీలం, ఆకుపచ్చ కలిసిన రంగుకు తిరిగి ఉంది. అతను కేబుళ్లు విప్పి, చెంబుడు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి పోయగానే బుసబుసమని నురగ పొంగింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి, బిగించాక కారు వెంటనే స్టార్టయింది. ఆ బ్యాటరీ తర్వాత ఏడాదిన్నర పైగా పనిచేసింది.

అందువల్ల కొత్తది కొనేముందు పాతది నిజంగా పోయిందో లేదో తేల్చుకోవడమే మొదటి పని. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు మల్టీమీటర్ ఇందుకు చాలు. కారును రాత్రంతా కదపకుండా ఉంచి, ఉదయం స్టార్ట్ చేయకముందే రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజీ చూడాలి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే చార్జింగ్ నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సుమారు సగం. 12కు దిగువన ఉంటే దాదాపు ఖాళీ అయినట్టు లెక్క. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా మళ్లీ చూడాలి. సాధారణంగా అప్పుడు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య కనిపిస్తుంది. అలా పెరగకపోతే లోపం ఆల్టర్నేటర్‌లోనో (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే భాగం) దాని బెల్టులోనో ఉండవచ్చు. దాన్ని సరిచేయకుండా కొత్త బ్యాటరీ వేస్తే అది కూడా కొద్ది రోజుల్లోనే డౌన్ అవుతుంది.

నిజంగా మార్చాల్సి వస్తే, కారుతో ఇచ్చిన పుస్తకంలోని కొలతలతోనే మొదలుపెట్టాలి. చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి 35 ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) ప్రాంతపు బ్యాటరీ సరిపోతుంది. డీజిల్ ఇంజిన్‌ను తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి గనుక వాటిలో 60 ఏహెచ్, ఆపైన ఉండేవి ఎక్కువగా వాడతారు. బ్యాటరీ మీద ఉండే కోడ్‌లోని ఎల్ లేదా ఆర్ అనే అక్షరం టెర్మినళ్లు ఏ వైపు ఉన్నాయో చెబుతుంది. దాన్ని చూసుకోకుండా కొంటే ఇంటికి వచ్చాక కేబుల్ అందక ఇబ్బంది పడాల్సి వస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజిన్ తనంతట తాను ఆగిపోయే స్టార్ట్-స్టాప్ కార్లలో మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీలు వాడతారు. ధర ఎక్కువని వాటి స్థానంలో మామూలు రకం వేస్తే అది తొందరగా పాడవుతుంది.

సీసీఏ అనే అంకె గురించి ఒక మాట చెప్పాలి. అది మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ చలిలో బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదో తెలిపే కొలత. పుస్తకంలో చెప్పినంత ఉంటే చాలు. అంతకన్నా పెద్ద అంకె కోసం విశాఖలో అదనంగా డబ్బు పెట్టాల్సిన అవసరం లేదు. ఇక్కడ బ్యాటరీకి అసలు శత్రువు వేడి. 25 డిగ్రీల నుంచి ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని సాధారణంగా లెక్కవేస్తారు. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు బానెట్ కింద వేడి బయటి వేడికన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. కొన్ని కార్లలో బ్యాటరీ చుట్టూ వేడి తగలకుండా ఒక తొడుగు ఇస్తారు. మార్చేటప్పుడు అడ్డమని దాన్ని తీసి పక్కన పడేస్తుంటారు. దాన్ని తిరిగి వేయమని దగ్గరుండి అడగండి.

గాజువాక ఆటోనగర్‌లో కొన్నా, ఎంవీపీ కాలనీలో కొన్నా, తయారీ తేదీని అడిగి చూడండి. షాపులో ఊరికే ఉన్నా బ్యాటరీ కొంచెం కొంచెంగా డిశ్చార్జ్ అవుతూ ఉంటుంది కాబట్టి మూడు నెలలు దాటినదాన్ని నేనైతే తీసుకోను. వారంటీ 24+24 అంటే పూర్తిగా నాలుగేళ్లని అనుకోకూడదు: మొదటి 24 నెలల్లో పాడైతే ఉచితంగా మారుస్తారు, తర్వాతి 24 నెలల్లో కొత్తదాని ధరలో కొంత తగ్గింపు మాత్రమే ఇస్తారు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. పాత బ్యాటరీని ఎక్స్ఛేంజ్ కింద షాపులోనే ఇచ్చేయండి. అందులో సీసం, ఆమ్లం ఉంటాయి గనుక, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు కూడా దాన్ని మామూలు చెత్తలో కలపకుండా సేకరణకు అప్పగించాలనే చెబుతున్నాయి.

బ్యాటరీ మార్చేటప్పుడు ముందుగా నెగెటివ్ కేబుల్ విప్పాలి, కొత్తది పెట్టాక చివరగా దాన్నే బిగించాలి. కారు బాడీ అంతా నెగెటివ్‌కు కలిసి ఉంటుంది కాబట్టి, నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతున్న స్పానర్ బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే కింది క్లాంపు కూడా గట్టిగా బిగించాలి. అరకు ఘాట్ రోడ్డు కుదుపులకు వదులైన బ్యాటరీ లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి.

ఇక నిర్వహణలో మనకు ముఖ్యమైనది ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు ఉండేవారు నెలకోసారి బానెట్ ఎత్తి టెర్మినళ్లు చూసుకోవాలి. పొడి కనిపిస్తే పైన చెప్పినట్టు కేబుళ్లు విప్పి వంటసోడా నీళ్లతో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక బిగించి, పైన పలచగా పెట్రోలియం జెల్లీ రాయాలి. మూతలు తీయగల బ్యాటరీ అయితే ప్లేట్లు మునిగి ఉండేలా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు గానీ ఆమ్లం గానీ పోయకూడదు.

నౌకాదళంలోనో, మర్చంట్ నేవీలోనో ఉండి నెలల తరబడి ఇల్లు వదిలి వెళ్లేవారు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. ఆపి ఉంచిన కారు కూడా గడియారం, అలారం వంటివాటికి కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. అది 50 మిల్లీయాంపియర్లే అనుకున్నా రోజుకు 1.2 ఏహెచ్, నెలకు 36 ఏహెచ్ అవుతుంది. అంటే చిన్న కారు బ్యాటరీ మొత్తం ఖాళీ. వెళ్లేముందు నెగెటివ్ కేబుల్ విప్పి వెళ్లడం మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకాక కరెంటు లేని రోజుల్లో మేము ఫోన్లను కారులోనే చార్జ్ చేసుకున్నాం. అటువంటప్పుడు ఇంజిన్ ఆపి ఎక్కువసేపు వాడకండి. అలాగే మూసి ఉన్న గ్యారేజీలో ఇంజిన్ నడపకండి.

డౌన్ అయిన కారును మరో కారు సాయంతో స్టార్ట్ చేయాల్సి వస్తే, ఎర్ర కేబుల్‌తో రెండు పాజిటివ్‌లను కలపాలి. నల్ల కేబుల్ ఒక చివర మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో చివర డౌన్ అయిన కారు ఇంజిన్‌లో బ్యాటరీకి దూరంగా, పెయింట్ లేని ఇనుప భాగానికి తగిలించాలి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండవచ్చు కాబట్టి అక్కడ నిప్పురవ్వ పడకూడదు. స్టార్టయిన తర్వాత భీమిలి దాకా వెళ్లివచ్చినా చార్జింగ్ పూర్తిగా నిండదు. వీలైతే అదే రోజు చార్జర్‌కు పెట్టి, 35 ఏహెచ్ బ్యాటరీ అయితే 3.5 యాంపియర్లకు మించకుండా, గాలి ఆడే చోట రాత్రంతా ఉంచండి.